తిరుగుడు గేటుకు ఇవతల

మెక్సికోను ఆనుకున్న అమెరికా ఊరు శాన్ ఇసిద్రోలో ఇళ్లకు టైల్స్ వేసే ఫెర్మీన్ హైవే మీద ఎప్పుడూ కుడి వరుస వదలడు. ఆఖరి మలుపు తప్పితే కారు నేరుగా మెక్సికోలోకి పోతుంది, వెనక్కి తిప్పే దారి ఉండదు. గ్రీన్‌కార్డు తేలకముందే, ప్రయాణ అనుమతి లేకుండా సరిహద్దు దాటితే దరఖాస్తును తనే వదులుకున్నట్టు. ఆ అనుమతి కోసం పదకొండు నెలలుగా రోజుకు రెండుసార్లు పోస్టు డబ్బా తెరుస్తున్నాడు. తెరిచి, చేయి పెట్టి మూలలు కూడా తడుముతాడు.

సరిహద్దుకు అవతల, మెక్సికోలోని తిహ్వానాలో ఉన్న తల్లి మనవరాలిని ఇంకా చూడలేదు. "ఒరే, మీ వీధిలో కుక్క అరిస్తే నాకు వినబడుతుంది. నువ్వేమో చంద్రమండలంలో ఉన్నట్టు మాట్లాడతావు," అని ఫోనులో దెప్పుతుంది. చివరికి ఈ శనివారం, అమెరికాలోనే పుట్టిన భార్య నొయేలియా పాపను ఎత్తుకుని సరిహద్దు దగ్గర, అటు వెళ్లడానికే తప్ప ఇటు తిరగని తిరుగుడు గేటు దాటింది. మరుక్షణమే ఇవతల ఆగిపోయిన భర్తకు ఫోను చేసింది.

"పాలసీసా ఏదయ్యా?"

"నా చేతిలోనే ఉంది."

"తీసుకురా మరి!" అనేసి నాలుక కరుచుకుంది.

ఆమె వెనక్కి రావాలంటే మూడు గంటల వరుస. పాప ఏడుపు ఫోనులోనూ, గేటు అవతల నుంచీ వినిపిస్తోంది. చవకగా పళ్లు కట్టించుకోవడానికి అటు వెళ్తున్న ఒక ముసలాయన చేయి చాచాడు. "ఇటివ్వు బాబూ, నేనిస్తాలే."

సీసా ఆయన సంచిలో పడి గేటు దాటింది. దాన్ని ఎవరూ కాగితం అడగలేదు. ఏడుపు ఆగింది. ఫెర్మీన్ ఖాళీ చేతులతో, పోస్టు వచ్చే వేళయిందని కారు వైపు నడిచాడు.