మూసేసిన గుంత

అల్లూరులో ఎంత లోతు తవ్వినా ఇసుకే. పిల్లలు రాయిని పుస్తకంలో బొమ్మగానే చూస్తున్నారని సైన్సు మాస్టారు ఆనందబాబు గారికి దిగులు. అరవై రెండులో తొమ్మిదో తరగతిని గూడూరు వైపు అభ్రకం గనులకు తీసుకుపోవాలనుకున్నారు. పని జరిగే గనిలోకి పిల్లల్ని రానివ్వరు. అందుకని ముందుగా తానొక్కరే వెళ్లి, కొన్నేళ్ల కిందట పని ఆపి మూసేసిన గని గుంత ఒకటి చూసి వచ్చారు. దాని గోడల్లో అభ్రకం పొరలు ఎండకు మెరుస్తున్నాయట.

ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్లను ఒప్పించారు. చివరికి కూలినాలి చేసుకునే ఆదిశేషమ్మ ఇంటికి వెళ్లారు. ఆమెకు కూతురు ఒక్కతే.

"యా గుంత సార్?" అని అడిగింది ఆదిశేషమ్మ.

"తాటితోపు వెనక మూసేసినారే, అదమ్మా. భయం లేదు, దాంట్లో ఎవురూ లేరు."

"ఉండాడు సార్. దీని నాయన దాంట్లోనే ఉండాడు. కూలికి పోయినోడి మీద గోడ కూలితే తవ్వి తీస్తామన్నారు. తియ్యకుండానే మూసేసి పోయినారు."

"వేరే చోటు చూస్తాలేమ్మా" అన్నారు మాస్టారు.

"మార్చబాకండి సార్. అంత దూరం నేనెప్పుడు తీసకపోతా? బిడ్డనన్నా పోయి చూసి రానీండి. చెప్పులు గట్టు మీద ఇడిసే దిగేవాళ్లు గని కూలోళ్లు. పిల్లోళ్లనీ ఇడవమనండి. సుత్తి మాత్రం ఎత్తబాకండి."

ఆ రోజు మాస్టారే ముందుగా చెప్పులు విడిచారు. రాళ్లు పగలగొట్టి చూపిద్దామని ముందే సర్దుకున్న సుత్తి సంచిలోనే ఉండిపోయింది. ఆదిశేషమ్మ కూతురికి విడవడానికి చెప్పుల్లేవు. గట్టు మీద నిలబడి చాలాసేపు లోపలికి చూసింది.

"మా నాయన యా పక్క సార్?" అని అడిగింది.