చిమే అంగ్మో దాటించిన మంచువాలు

హిమాలయాల్లోని లాహౌల్‌లో ఒక ఊరికీ ఆసుపత్రికీ మధ్య ఒక మంచువాలు ఉంది. ఎండ తగిలితే పైనున్న మంచు విరిగి మనుషుల మీద పడుతుంది. చలికాలంలో దాన్ని ఎప్పుడు దాటాలో చెప్పేది చిమే అంగ్మో. ముప్పై ఏళ్లుగా ఆమెది ఒకటే మాట: పైన శిఖరానికి ఎండ తగలకముందే, ఒక్కొక్కరుగా, నోరు మెదపకుండా దాటాలి. ఇన్నేళ్లలో ఒక్క ప్రాణం పోలేదు. ఇక ఊళ్లో ఆమె మాటకు తిరుగేముంది!

ఆ ఫిబ్రవరిలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా మంచు కురిసింది. నాలుగో రోజు తెల్లవారుజామున చూస్తే చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. మంచు కురవాల్సిన నెలలో వాన!

అప్పుడే నిండు నెలల కోడలు పాల్మోకు రక్తం పోవడం మొదలైంది. కొడుకు అంగ్‌రూప్, మరో ముగ్గురు ఆమెను మంచంతో సహా ఎత్తి వాలు అంచుకు తెచ్చారు. చిమే మంచులోకి చెయ్యి దూర్చింది. మోచేతి దాకా తడి.

"పోవద్దురా."

"ఇంకా ఎండ తగల్లేదు కదమ్మా! నువ్వు చెప్పిందే కదా?"

"చెప్పింది నేనే. కానీ లోపలంతా నీరు పట్టేసింది. ఎండ లేకున్నా విరిగిపడొచ్చు."

"ఊరందర్నీ దాటించావు. సొంత కోడలి దగ్గరికొచ్చేసరికి కాళ్లు వణుకుతున్నాయా?"

"వణుకుతున్నాయిరా. భయమేస్తోంది నాకు."

పాల్మో మూలిగింది. "అత్తా, ఇక్కడే ఉంటే నేను బతకను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ముందు నేను పోతా. నేను పిలవకుండా ఎవడైనా అడుగేశాడో, చంపేస్తా!" అని చిమే కదిలింది.

సగం దూరంలో కాళ్ల కింద మంచు దబ్బుమని కుంగింది. ఎలాగో అవతలి గట్టెక్కిందో లేదో, పైనున్న మంచంతా ఒక్కసారిగా విరిగి కిందకి దూకింది. ఎండ జాడే లేదు! తెల్లటి ధూళిలో వాళ్లున్న అంచు కనబడలేదు. ముప్పై ఏళ్లు అందరి నోళ్లూ మూయించిన మనిషి, "అంగ్‌రూప్! పాల్మో!" అంటూ గొంతు చించుకుంది.

ధూళి తగ్గాక చూస్తే నలుగురూ పాల్మో మీద బోర్లా పడి ఉన్నారు. అందరూ దగ్గుతున్నారు. వాలు మీద ఇక పడడానికి ఏమీ మిగల్లేదు. మంచుగడ్డలు తొక్కుకుంటూ మంచాన్ని దాటించారు. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ దక్కింది.

ఆ వారంలో మళ్లీ మంచు పడింది. పదో రోజున అంగ్‌రూప్ అన్నాడు: "రేపు తెల్లారగట్ల ఇంటికి పోదామమ్మా. ఎండ రాకముందే దాటేద్దాం."

చిమే పసిదాన్ని ఒళ్లోకి లాక్కుంది. "మంచు కరిగేదాకా ఇక్కడే ఉండండి."

"నువ్వుండగా భయమేంటి?"

"ఆ మంచెప్పుడు విరిగిపడుతుందో నాకిప్పుడు తెలీదురా," అని ఆమె ఏడ్చేసింది.