పసుపుకుంకుమల ఎకరంలో నేలనెమలి

అంతరించిపోతున్న పక్షి అంటూ పొద్దున నువ్వు ఫోనులో చూపించిన పిట్ట నాకు కొత్తేం కాదమ్మడూ, మన దర్శి వైపు దాన్ని నేలనెమలి అనేవాళ్ళం. తొలకరి పడగానే నల్లటి పోతుపిట్ట గడ్డిలోంచి మనిషి ఎత్తున ఎగిరి, రెక్కలు టపటపలాడించి, మళ్ళీ అక్కడే దిగేది. పొద్దస్తమానం అదే పని, ఎక్కడో నక్కి కూర్చున్న పెట్ట చూడాలని. రాసుకో, చెబుతాను.

మా నాన్న మా అక్కకూ నాకూ పసుపుకుంకుమల కింద చెరో ఎకరం ఇచ్చాడు, పక్కపక్కనే. రెండూ గేదెలు మేసే గడ్డి బీళ్ళు. తొంభైల చివర్లో ఊరంతా పత్తి మీద పడితే, మీ తాతయ్య కూడా నా బీడు దున్నించడానికి ట్రాక్టరు పిలిపించారు. ఆ ముందురోజే గడ్డి కోస్తుంటే కొడవలి పక్కన పాచిరంగు గుడ్లు కనిపించాయి నాకు. ట్రాక్టరు తోలే సాయిబు "ఏందక్కా, పిట్టకి పట్టా రాసిచ్చావా?" అని నవ్వుతూనే గూడు చుట్టూ మంచమంత గడ్డి వదిలి మిగతాదంతా దున్నేశాడు. ఎవరూ తొక్కకుండా ఓ కర్ర పాతి, ఎర్రగుడ్డ కట్టి ఇంటికొచ్చాను. తెల్లారి వెళ్తే కర్ర మీద కాకి, కింద పెంకులు. దున్నిన నల్లనేల మధ్య ఆ గుబురు ఎంత దూరానికైనా కనిపిస్తుంది కదా, ఇక పెట్ట దాక్కునేదెక్కడ? దానికి కావలసింది గూడు చుట్టూ జానెడు గడ్డి కాదు, బీడంతా.

ఆ ఏడు పత్తితీత అవగానే చెప్పేశాను, ఇక నా ఎకరంలో నాగలి దిగదని.

"పత్తి పండే నేలలో పిట్టల్ని పండిస్తావటే?"

"పండిస్తానండీ. మా నాన్న ఇచ్చిన నేల, నా ఇష్టం."

ఆయన మజ్జిగ పోసుకోకుండానే విస్తరి ముందు నుంచి లేచిపోయారు. గేదెలకు మేత ఉంటుందిలేరా అని మా అత్తయ్య సర్దిచెప్పింది. గడ్డి మళ్ళీ దుబ్బు కట్టడానికి రెండేళ్ళు పట్టింది. వానలు వెనకబట్టేదాకా కొడవలి పెట్టనిచ్చేదాన్ని కాదు, పక్క చేలల్లో పత్తికి మందు కొడుతుంటే గాలి ఎటుందో చూసి, "ఇటు కొట్టకండయ్యా" అని గట్టు మీద నిలబడి అరిచేదాన్ని. ఆ తర్వాతి వానలకు పోతుపిట్ట వచ్చి ఎగిరింది. ఇంకొన్నాళ్ళకు ఓ సాయంత్రం మీ తాతయ్యే నా చెయ్యి పట్టి లాగి, "మాట్లాడకే, అటు చూడు" అన్నారు. పెట్ట వెనకాల పిల్ల, గడ్డిలోకి పరిగెడుతోంది.

కానీ ఒక్క ఎకరం ఎంతని? మా అక్క తన ఎకరం పత్తికి కౌలుకిచ్చేసింది, చుట్టూ బీళ్ళన్నీ పత్తీ మిరపా అయిపోయాయి. చివరగా వచ్చిన పోతుపిట్ట వానాకాలమంతా ఒక్కటే ఎగిరింది, చూడ్డానికి ఒక్క పెట్టా రాలేదు. మరుసటేడు అదీ రాలేదు.

అప్పట్లో గడ్డి ఉంటే మేత నేల అనేవాళ్ళు, ఇప్పుడు నా ఎకరం చూసి ఖాళీగా పడుంది అంటున్నారు. పడి లేదమ్మా, నేనే ఉంచాను. నీదీ కలిపితే రెండెకరాలవుతుంది కదే అని మొన్న కూడా మా అక్కని అడిగాను. "ఈ వయసులో నీకు పిట్టల పిచ్చేంటే" అని నవ్వింది గానీ కాదనలేదు. కౌలు గడువు తీరనీ, మళ్ళీ అడుగుతాను.