పిడికెడు బియ్యం

మెదక్ బస్టాండ్‌ల అల్లాదుర్గ్ బస్సు కోసం కూసున్న. పక్కన ఒక పెద్దాయన బల్ల మీద తువ్వాల పరిచి, బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతుండు.

"ఇంట్ల ఏరెటోళ్లు లేరా?" అని అడిగిన.

"ఇవి నాయి కావమ్మా. నేను చర్చిల డీకన్‌ను. ఇంటింట్ల రోజూ వండే ముందు పక్కకు తీసిన పిడికెడు బియ్యం ఆదివారం చర్చిల జమైతయి. గవి లేనోళ్లకు ఇచ్చి వచ్చుడు నా పని. ఇవి తీసుకునే అవ్వకు కండ్లు కనవడయి, రాళ్లతోనే వండుకుంటది."

మాదీ చర్చికి పోయే ఇల్లే. ఆ మాట ఆయనకు చెప్పలే. వండే బియ్యంలకెళ్లే పిడికెడు తియ్యాలె. నేను మాత్రం శనివారం సాయంత్రం, మేం తినని దొడ్డు బియ్యంతోని చర్చికి ఇచ్చే డబ్బ ఒక్కపారే నింపుత.

"జర మీరూ ఓ చెయ్యి వెయ్యుండ్రి, బస్సొచ్చేలోపల అయిపోతది" అని తువ్వాల నా దిక్కు జరిపిండు.

ఇద్దరం ఏరినం. ఆయన నా చేతుల దిక్కు చూసి, "మస్తు జల్ది ఏరుతున్నరమ్మా. రోజూ ఏరుతరా?" అన్నడు.

"ఏరుత" అన్న.

అబద్ధం కాదు. మా ఇంటోళ్లు తినే బియ్యం రోజూ ఏరుత. ఆ డబ్బల పోసేటివి మాత్రం ఒక్కనాడూ ఏరలే.