నేల లోపలి పని: వేదవతి గారు

స్ట్రక్చరల్ ఇంజనీరు వేదవతి గారు ఇక లేరు. ఈ వాక్యం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మంగళవారం పొద్దున ఇబ్రహీంపట్నంలో ఒక సైటు దగ్గర కాంక్రీటు పోయిస్తుండగా ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మ పోయిందండీ" అంది. మిక్సరు ఆపించి మళ్ళీ చెప్పమన్నాను. రెండోసారీ అదే మాట. మూత్రపిండాల వ్యాధి ఏడాదిగా ఆమెను క్షీణింపజేస్తోందని తెలిసి కూడా నిశ్చేష్టుణ్ణయ్యాను.

పట్టా చేతపట్టుకుని వచ్చిన నన్ను ఇంజనీరుగా తీర్చిదిద్దింది ఆమే. వన్ టౌన్‌లో ఇనుప సామాన్ల దుకాణం మీద ఒకే ఒక గది ఆమె కార్యాలయం. కాగితం మీద పెన్సిలుతో లెక్క కట్టాకే కంప్యూటర్ జోలికి వెళ్ళనిచ్చేవారు.

నేను స్వతంత్రంగా డిజైన్ చేసిన మొదటి స్లాబు మంగళగిరిలో ఒక నేత కుటుంబానిది. సెంట్రింగు విప్పేరోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆఖరి కర్ర తీశాక స్లాబు కింద నిలబడమన్నారు. స్లాబు వంకే బిక్కుబిక్కుమంటూ చూస్తూ నిలబడ్డాను. ఆమె కూడా వచ్చి నా పక్కనే నిలబడ్డారు.

"రేపట్నుంచి దీని కింద వీళ్ళు పడుకుంటారయ్యా. నువ్వు నిలబడ్డానికే భయపడితే ఎట్లా?" అన్నారు.

ఇంటికెళ్ళి లెక్కలన్నీ మళ్ళీ చేశాను. తప్పేమీ లేదు. ఆ భయం మాత్రం ఇప్పటికీ పోలేదు. పోకూడదనే ఆమె ఉద్దేశం.

ఇంకోసారి ఒక స్తంభంలో ఇనుప రింగులు దూరం దూరంగా కట్టారని మొత్తం విప్పించారు. మేస్త్రీ నొచ్చుకున్నాడు. "కాంక్రీటు పోశాక ఎవరికి కనపడుద్దండీ మేడం గారూ?" అన్నాడు. "ఎవరికీ కనపడదు. అందుకే మనమిద్దరం ఇప్పుడే చూసుకోవాలి" అన్నారామె. తర్వాత ఆ మేస్త్రీ ఆమె సైటయితే చాలు, పిలవకుండానే వచ్చేవాడు.

ఆమె ప్రతిభకు పరాకాష్ఠ బందరు అవతల ఒక మత్స్యకార గ్రామంలో కట్టిన తుఫాను షెల్టరు. మామూలు రోజుల్లో అదే బడి. అక్కడ నేల మెత్తటి ఒండ్రు. లోతుగా పైల్స్, అంటే పునాది స్తంభాలు, దింపనిదే ఏ కట్టడమూ నిలవదు. అంత లోతు అనవసరమని కాంట్రాక్టరు వాదించాడు. ఆమె మూడు రోజులు ఆ బురదలోనే కుర్చీ వేసుకు కూర్చుని, ప్రతి పైలూ గట్టినేల తగిలేదాకా దింపించారు. కింది అంతస్తుకు గోడలే పెట్టనివ్వలేదు. కొన్నేళ్ళకు ఉప్పెన వచ్చింది. చేపలమ్మే నాంచారమ్మ నాతో ఇలా చెప్పింది: "సముద్రం మా కింద నుంచే పోతా ఉందండీ. మేం పైన పిల్లలకి అన్నాలు పెడతా ఉన్నాం. ఆ బిల్డింగు కదిలితే ఒట్టు."

ఇక నేను చెప్పక తప్పనిది ఒకటుంది. మా ఇంజనీర్ల సంఘం ఏటా మన ప్రాంతపు కట్టడాల్లో ఉత్తమ నిర్మాణ రూపకల్పనకు పురస్కారం ఇస్తుంది. నిరుడు ఆ బడి హెడ్మాస్టరు షెల్టరు పేరు పంపారు. ఆమె రాసిన లెక్కల ఫైలు జతచేశారు. న్యాయనిర్ణేతలం ముగ్గురం. అందరిలోకీ చిన్నవాణ్ణి నేను. పోటీగా మధ్యలో స్తంభమే లేని ఒక కల్యాణమండపం నిలిచింది.

షెల్టరు ఫోటోలు తిరగేసి మా ముగ్గురిలో పెద్దాయన, "ఇందులో చూడ్డానికేముందండీ? మామూలు బిల్డింగే కదా. మీరేమంటారు?" అని నా వంక చూశారు.

గురువుగారి పక్షం వహించానంటారని భయపడ్డాను. "మీ ఇష్టమండీ" అన్నాను. పది నిమిషాల్లో పురస్కారం మండపానికి ఖరారైంది.

ఆ వారమే ఆమెను చూడబోయాను. డయాలసిస్ చేయించుకుని వచ్చి నీరసంగా పడుకుని ఉన్నారు. "మండపం కప్పు బాగా చేశారయ్యా. ఇవ్వాల్సిందే" అన్నారు నిష్కల్మషంగా. నా వైపు తిరిగి, "మన పైల్స్ లెక్కలు చదివారా వాళ్ళు?" అని అడిగారు.

"చదివారు మేడం" అన్నాను.

"అయితే చాలు" అని కళ్ళు మూసుకున్నారు. ఆ ముఖంలో అంతటి ప్రశాంతతను అంతకుముందెన్నడూ చూడలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు వెళ్ళాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

అంత్యక్రియలైన మర్నాడు సంఘం బీరువాలోంచి ఆ ఫైలు తెచ్చుకున్నాను. ఆమె వేసిన దారం ముడి వేసినట్టే ఉంది. విప్పి చదువుతున్నాను. ఊరు ఊరంతా, మేకలతో సహా, గాలివానకు జడిసి పై అంతస్తులో ఒకే మూలకు చేరితే ఆ మూల స్తంభం మీద ఎంత బరువు పడుతుందో విడిగా లెక్క కట్టారు. అలా కట్టమని ఆమెను ఎవరూ అడగలేదు. ఇటువంటి మేధ, ఇటువంటి కరుణ ఒకే వ్యక్తిలో మన ప్రాంతానికి మళ్ళీ ఎప్పుడు లభిస్తాయో నాకు తెలియదు. ఆమె పాదాలకు నమస్కరించే అర్హత నాకుందో లేదో కూడా తెలియదు.

మేడం, వాళ్ళు చదవలేదు. నేనూ చదవలేదు. ఇప్పుడు చదువుతుంటే పదిహేడో పేజీలో నాకొక సందేహం వచ్చింది. అడుగుదామంటే మీరు లేరు. రెండు రోజులుగా అక్కడే ఆగిపోయాను.