మూట ముడి

చంద్రపూర్ బస్టాండులో ఆ మధ్యాహ్నం మా బెంచీ మీద ఉన్నవి: నేను, నా బొమ్మల పుస్తకం, ఒక పెన్సిలు, మర్నాడు చేరాల్సిన ఇంజనీరు ఉద్యోగపు కాగితం, రాజురా వెళ్లే ఒక అవ్వ, పాత చీరలో కట్టిన ఆమె బట్టల మూట.

ఉద్యోగంలో చేరితే బొమ్మలు మానేస్తానని ఇంట్లో మాటిచ్చాను. ఇదే చివరిదనుకుని అవ్వనూ మూటనూ గీస్తున్నాను. ఆమె తొంగి చూసింది.

"నా ముక్కు ఎట్లనన్న గీయి గని, ముడి గట్లుంటదా బిడ్డా? గట్ల కడితే రాజురా పోయేదాంక బట్టలన్ని రోడ్డు మీదనే."

నవ్వుతూ మూట విప్పి, నాకు కనబడేలా మెల్లగా మళ్లీ కట్టింది. ఇంజనీరింగు చదివినా నాకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ విప్పింది. ఇంతలో బస్సు వచ్చింది.

"అవ్వా, నీ బస్సు పోతుంది!"

"పోనీ తియ్. నువ్వు గీసుడు ఆపకు."

ఇంకో బస్సు కూడా వెళ్లిపోయింది. బొమ్మలో ముడి కుదిరాక దాన్ని వేలితో తాకి, "గిప్పుడు ఊడదు" అని, తర్వాతి బస్సెక్కింది.

ఉద్యోగంలో చేరి పదకొండు నెలలకు మానేశాను. ఇప్పుడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయడమే నా పని. కథలో మూట ఉంటే ఆ ముడే వేస్తాను.

ఆ రోజు నా బొమ్మ కోసం ఆమె వదులుకున్న బస్సులు: రెండు.