కచేరి వరండాలో చెప్పిన పేరు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి, లేచి వచ్చేసే మనిషిని నేను. ఎలిమెంటరీ బడిలో లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. జవాబు కుదరకపోతే ఎక్కడో ఒక మెట్టు తప్పు వేశామని పిల్లలకు ముప్పై ఏళ్లు నూరిపోశాను. అలాంటి నాకు ఒక లెక్క మాత్రం ఈనాటికీ తెగలేదు. ఏదీ కలపకుండా, ఏదీ దాచకుండా రాస్తున్నాను.

అప్పట్లో బుక్కరాయసముద్రంలో పనిచేసేవాణ్ణి. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. చొక్కా చినిగితే కుట్టించుకుందామని వెళ్లి మిషను ముందు కూర్చున్న నరసమ్మను చూశాను. ఆ తర్వాత నెల తిరక్కుండా ఇంకో రెండు చొక్కాలు చినిగాయి. మూడోదాన్ని ఆమె వెలుతురుకు పట్టి చూసి, "ఇది చినిగింది గాదు సారూ, చించింది" అంది. నాకు సిగ్గేసింది. ఆమె నవ్వింది గనక ధైర్యం కూడా వచ్చింది.

నరసమ్మకు చిన్నతనంలోనే కొత్తచెరువు దిక్కు ఒక పల్లెలో పెళ్లయింది. ఐదేళ్ల కాపురం తర్వాత మొగుడు ఓబులేసు వేరే మనిషితో వెళ్లిపోయాడు. వాళ్ల కులంలో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకునే ఆచారం ఉంది. అలాగే చేసి, ఎందుకైనా మంచిదని కాయితం రాయించి రిజిస్టరు కూడా చేయించారు. ఆ కాయితం ఆమె నాయన పెట్టెలో ఉండేది. తల్లి అంతకు ముందే పోయింది. నాయన పోయాక పెట్టె తెరిస్తే చెదపురుగులు, మట్టి తప్ప ఏమీ మిగల్లేదు.

నన్ను చేసుకోవడానికి ఆమె ఒప్పుకుంది. షరతు ఒక్కటే పెట్టింది.

"ఆ కాయితం మళ్లీ నా కండ్లతో చూడల్ల సారూ. రేపు ఆయప్ప వచ్చి నా పెండ్లామని చెయ్యి పట్టుకుంటే నేను ఏం చూపియ్యాల?"

ఆ మాటలో న్యాయం ఉంది. నాకూ భయం ఉంది. బడిపంతులు మరొకడి పెళ్లాన్ని తెచ్చుకున్నాడని ఒక్క ఆకాశరామన్న ఉత్తరం వెళితే నా ఉద్యోగం ఊడినట్టే.

వేసవి సెలవుల్లో ఇద్దరం బస్సెక్కి ఆ పల్లె ఉన్న తాలూకా రిజిస్ట్రారు కచేరికి వెళ్లాం. గుమాస్తా పెద్దాయన, నిదానస్తుడు. భూముల దస్తావేజులు ఎవరైనా చూడొచ్చట. ఇలాంటివి వేరే పుస్తకంలో ఉంటాయట, అందులో పేరున్న మనిషి వచ్చి అడిగితేనే నకలు ఇస్తారట. దరఖాస్తు రాస్తూ మొగుడి పేరు అడిగాడు. నరసమ్మ తల వంచుకుంది. విడిపోయి ఆరేళ్లయినా ఆ పేరు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నాకు కాబోయే పెళ్లాం మొదటి మొగుడి పేరు నలుగురిలో నేనే గట్టిగా చెప్పాను. గుమాస్తా నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

పేర్ల పట్టీ తీసి చాలాసేపు వెతికాడు. ఒకచోట వేలు ఆపి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఓబులేసు ఉండాడు. ఊరు కూడా అదే. అయితే ఆడమనిషి నరసమ్మ గాదు."

మరి ఎవరని అడిగాను.

"అది నేను చెప్పకూడదప్పా. పేరు మీరు చెప్పల్ల, నేను చూడల్ల. ఈ పుస్తకానికి అదే కట్టడి."

నరసమ్మ గోడ పక్కనున్న పెట్టె మీద కూలబడింది. ఓబులేసు ఇంకెవరినో కూడా పెళ్లి చేసుకుని వదిలేశాడనుకుంది. తన కాయితం అసలు రిజిస్టరే కాలేదనుకుంది. "అయితే నేనింకా ఆయప్ప పెండ్లాన్నేనా?" అని ఎవరినీ చూడకుండా అడిగింది. గుమాస్తా జాలిపడి, పక్క ఏళ్ల పుస్తకాలు కూడా చూస్తాను కూర్చోమన్నాడు. నేను అక్కడ ఉండలేక వరండాలోకి వచ్చాను.

మిట్టమధ్యాహ్నం. వరండాలో ఒక చివర స్టాంపులమ్మే ఆయన స్టూలు మీద కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. ఇంకో చివర బెంచీ మీద ఒక ముసలామె ఉంది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. ఎడమ చెవి తమ్మె పూర్తిగా తెగిపోయి ఉంది. కమ్మను నల్లదారంతో చెవి చుట్టూ కట్టుకుంది. అది వింతగా ఉంది గనక బాగా గుర్తు.

"దొరకలేదా?" అంది, నా వైపు చూడకుండానే.

"లేదవ్వా" అన్నాను.

"ఆ పేరుకు యాడ దొరుకుతాది. ఆ ఇంట్లో ఆ పేరు అత్తది. కోడలు పేరు అక్కులమ్మ. పోయి అక్కులమ్మ అని అడుగు."

దిగ్గున లేచాను. ఆ ఊరి మనిషి ఎవరో పని మీద వచ్చి ఉంటుందని తప్ప ఇంకో ఆలోచన రాలేదు. గడప దాటుతుంటే వెనక నుంచి మళ్లీ పిలిచింది.

"నరసమ్మను బాగా చూసుకో నాయనా. నేను చెప్పినానని చెప్పు నరసమ్మకు."

లోపలికి వెళ్లి అక్కులమ్మ అన్నాను. గుమాస్తా తలూపి, పుస్తకం మూసి నరసమ్మను చూశాడు. ఆ ఇంట్లో తన పేరు అదేనని ఆమె అప్పుడు చెప్పింది. అత్త పేరు కూడా నరసమ్మే. కదిరి నరసింహస్వామి పేరు మీద ఆ చుట్టుపక్కల ఇంటికొక నరసమ్మ ఉంటుంది మరి. అత్త పేరు పెట్టి కోడల్ని కేకలేయడం బాగుండదని పెళ్లిరోజే పేరు మార్చేశారు. ఆ ఇంటితో పాటు ఆ పేరునూ వదిలేసి వచ్చి, ఎవరికీ చెప్పలేదు. గవర్నమెంటు కాయితంలో అసలు పేరే రాసి ఉంటారనుకుంది. చదువు రానిది, వేలిముద్ర వేసి వచ్చేసింది.

ఆ వేలిముద్రే పనికొచ్చింది. గుమాస్తా ఆమె వేలికి సిరా పూసి, కచేరిలో ఉన్న పాత ముద్ర పక్కన పెట్టి భూతద్దంతో చూశాడు. "నువ్వేనమ్మా" అన్నాడు. సాయంత్రానికి నకలు చేతికొచ్చింది. నరసమ్మ దాన్ని కళ్లకద్దుకుని ఏడ్చింది. నాకు గుండెల మీది బండ దిగినట్టయింది.

బస్టాండుకు నడుస్తుంటే అడిగింది, ఆ పేరు మీకెట్ల తెలిసిందని. వరండా సంగతి చెప్పాను. తెగిన చెవి, నల్లదారం దగ్గరికి వచ్చేసరికి ఆమె నిలబడిపోయింది.

"ఎడమ చెవా?"

"ఎడమే."

"మా యత్త సారూ. ఆయమ్మ పోయి రెండేండ్లాయె."

నమ్మలేదు. ఆమెను అక్కడే నిలబెట్టి కచేరికి తిరిగి వెళ్లాను. స్టాంపులమ్మే ఆయన సంచీ సర్దుకుంటున్నాడు. ముసలామె ఎటు పోయిందని అడిగితే, "యా ముసలామప్పా? బెంచీ మీద నువ్వొక్కనివే ఉంటివి. నీతో వచ్చినామె సారూ అంటాండె గదా, బడిసారేమో, పాఠం చెప్పుకుంటాండావని అనుకొంటి" అన్నాడు. నా మొండితనం కొద్దీ రెండు నెలల తర్వాత ఆ పల్లెకు కూడా వెళ్లి విచారించాను. ఓబులేసు తల్లి చనిపోయిన మాట నిజం.

లెక్క ఎన్ని రకాలుగా వేసి చూశానో. ఆ ఊరి ముసలామె ఇంకెవరైనా అయి ఉండొచ్చు. బరువు కమ్మలకు చెవులు తెగినవాళ్లు ఈ సీమలో ఎంతమంది లేరు? స్టాంపులాయన రాతలో పడి చూసి ఉండకపోవచ్చు. ఒక్కో మెట్టూ కుదురుతుంది. అన్నీ కలిపితే జవాబు రాదు. నరసమ్మ పేరు గానీ, మేం వచ్చిన పని గానీ నేను ఆ ముసలామెకు చెప్పనే లేదు.

మా పెళ్లి జరిగింది, హాయిగా బతికాం. నకలు ఇప్పటికీ రేకుపెట్టెలో, కలరా ఉండల మధ్య భద్రంగా ఉంది. ఇరుగుపొరుగు నవ్వినా నేను మా ఆవిడను ఎప్పుడూ పేరు పెట్టే పిలుస్తాను. అత్త గురించి ఆమె చెప్పేది ఒక్కటే. "ఆయమ్మ నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. ఐదేండ్లలో ఒక్కసారన్నా నా పేరుతో పిలవలేదు."

నేను అప్పుడప్పుడూ ఈ లెక్క మళ్లీ మొదలుపెడితే ఆమె మిషను తొక్కడం ఆపుతుంది.

"వచ్చింది ఆయమ్మో కాదో మీరు తేల్చుకోండి. నన్ను నరసమ్మ అనిందా లేదా, అది చెప్పండి."

"అంది. రెండుసార్లు" అంటాను.

ఆ లెక్కలో మాత్రం నాకు అనుమానం లేదు.